వట్టివేళ్ళ గాలి తాగిన కారు

ఆ రోజుల్లో మా ఉదయగిరిలో గాలి మీద ఎవరికీ పెద్ద గౌరవం ఉండేది కాదు. కొండ మీద నుంచి దిగేది, సందుల్లో దుమ్ము లేపేది, ఎండాకాలం వస్తే మొహాలు కాల్చేది, అంతే. పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి గాలోడు అనేవాళ్ళు. నమ్మకూడని మాటల్ని గాలి మాటలు అనేవాళ్ళు. కుదురుగా ఉండలేనివాడికి గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్ళు. ఈ మూడు గాలులూ ఒకే మనిషిలో వీచడం చూడాలనుకుంటే మాత్రం మా ఇంటికి రావలసిందే. ఇరవై ఏళ్ళ వయసులో నేను కూర్చుంటే కాలు ఊపేవాణ్ణి, నిలబడితే వేళ్ళు విరిచేవాణ్ణి, పడుకుంటే నా మంచం కిర్రుకిర్రుమని ఇంటిల్లిపాదినీ లేపేది. "వీడు ఒక చోట ఉండాడంటే జబ్బు చేసినట్టే" అనేవాడు మా నాయన. (జబ్బు చేసినప్పుడు కూడా ఉండలేదని మా అవ్వ సాక్ష్యం చెప్పేది.)

అట్లాంటి నన్ను ఒక చోట కూర్చోబెట్టగలిగిన వస్తువు లోకంలో ఒక్కటే దొరికింది. అది మా చిన్నాయన కారు. కూర్చునే తిరగొచ్చు, తిరుగుతూనే కూర్చోవచ్చు, ఇంతకన్నా నాకేం కావాలి? ఎనభైల మొదట్లో చిన్నాయన నెల్లూరులో ఎవరో వాడి వాడి విసుగెత్తి వదిలేసిన ఒక చిన్న కారును కొనుక్కొచ్చి, ఉదయగిరికీ ఆత్మకూరుకీ మధ్య బాడుగకు తిప్పడం మొదలుపెట్టాడు. దాని కంపెనీ పేరు చెప్పను. తయారుచేసినవాళ్ళు నలుగురు కూర్చోవడానికి చేశారు, మేం ఏడుగురిని కూర్చోబెట్టాం, తప్పు వాళ్ళది కాదు. డ్రైవరును నేను. ఆ సీటు మీద నాకున్న మమకారం ఎంతటిదంటే, బండి ఆగి ఉన్నప్పుడు కూడా దిగకుండా స్టీరింగు పట్టుకొని కూర్చునేవాణ్ణి. అప్పుడు మాత్రం నా కాలు ఊగేది కాదు.

అంతా బాగానే ఉండేది గానీ, దారిలో ఒక మిట్ట ఉండేది. దాన్ని గుండ్ల మిట్ట అనేవాళ్ళం. కాలినడకన పోయేవాళ్ళకు అదొక మిట్ట అని కూడా తెలియదు. మా కారుకు మాత్రం హిమాలయమే. సగం ఎక్కేసరికి ఇంజను నిట్టూర్చేది, మూడో గేరు నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి దిగజారేది, ఒకటికి కింద ఇంకేం లేదు గనుక అక్కడితో ఆగేది. అందుకని మిట్ట మొదట్లోనే బండి ఆపి, "దిగండయ్యా" అనడం రివాజుగా మారింది. జనం కూడా అలవాటు పడిపోయారు. మగవాళ్ళు తలకు తువాలు చుట్టుకొని, ఆడవాళ్ళు గంపలు చంకన పెట్టుకొని కబుర్లు చెప్పుకుంటూ నడిచేవాళ్ళు. వాళ్ళు పైకి చేరి వక్కాకూ నమిలే వేళకు నేనూ కారూ వగర్చుకుంటూ చేరుకునేవాళ్ళం. పక్కనుంచి పోయే బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఏం అబ్బయా, కారుకు తోడుగా మీరు పోతా ఉండారా, మీకు తోడుగా కారు వస్తా ఉండాదా?" అని అరిచేవాడు. బస్సులో వాళ్ళంతా నవ్వేవాళ్ళు. దిగని మనిషి మా అవ్వ ఒక్కతే. ఆత్మకూరులో కళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడల్లా ముందు సీట్లో కూర్చొని, "నా కొడుకు కారు కొన్నది నేను ఎక్కేదానికి. దిగేదానికైతే కొననవసరం ల్యా" అనేది. అవ్వ ఉన్న రోజున మేం అవ్వతో సహా బండిని నెట్టేవాళ్ళం.

ఒక సోమవారం ఏమైందంటే, మా కారెక్కిన ఒక మాస్టారు మిట్ట దగ్గర దిగి, నడిచి, పైకి చేరి, అక్కడ ఆగకుండా అదే ఊపులో ఇంకా ముందుకు నడిచి, వెనక వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు బండిలోనే ఉన్న చిన్నాయన మామూలుగా ఏ మాటైనా పడేవాడు గానీ ఆ వీపు చూసి తట్టుకోలేకపోయాడు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా, "శుక్రవారం కలిగిరి నుంచి పొగాకు ఆసామి వస్తాడు. బండి అడగతా ఉండాడు శానా రోజుల నుంచి. ఇచ్చేస్తా. ఈ ఇనప గాడిదను మేపేది నా వల్ల కాదు" అన్నాడు. మా నాయన వెంటనే నా వైపు తిరిగి, "అయితే వీణ్ణి నెల్లూరు పంపిద్దాం, వాళ్ళ మామ బట్టల అంగడికి" అన్నాడు.  ఆ అంగడి నేను చూశాను. తెల్లటి పరుపు మీద పొద్దున బాసింపట్టు వేసుకొని కూర్చుంటే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే లేచేది. గజంబద్దతో కొలవడం తప్ప కదిలే పని లేదు. నాకు జైలు చూపించి ఇది చూపించి కోరుకోమంటే, జైల్లో కనీసం రాళ్ళు కొట్టిస్తారు గదా అనుకునేవాణ్ణి.

చిన్నాయన కాళ్ళా వేళ్ళా పడ్డాను. ఆయన చాలాసేపు మీసం గోక్కొని, "సరే. శుక్రవారం లోపల ఆ మిట్ట ఎవురూ దిగకుండా ఎక్కించు. ఎక్కిందా, అమ్మను. అమ్మ మీద ఒట్టు" అన్నాడు.

"నా మీద ఎందుకురా, నీ మీద ఏసుకో" అంది లోపలి నుంచి అవ్వ.

ఇక నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ నా కాళ్ళు రెండూ రెండు ఊళ్ళకు పోయినట్టుండేది. తింటూ లేచేవాణ్ణి, లేచి ఎందుకు లేచానో మర్చిపోయి మళ్ళీ కూర్చునేవాణ్ణి. బానెట్ తెరిచి చూసేవాణ్ణి, మూసేవాణ్ణి. (తెరిచినంత మాత్రాన ఏమైనా తెలిసేదని కాదు. వైద్యుడు నాలుక చూపించమంటాడే, అట్లా.) మంగళవారం నాడు ఒక పెద్దమనిషిని ఆత్మకూరులో ఒక ఆఫీసు దగ్గర దించి, ఆయన వచ్చేదాకా వరండాలో అటూ ఇటూ పచార్లు చేస్తున్నాను. మిట్టమధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండ. లోపల అధికారి బల్ల మీద మోచేతులు ఆనించి కునికిపాట్లు పడుతున్నాడు. అంతలో అటెండరు బక్కెట్టు తెచ్చి కిటికీకి కట్టిన వట్టివేళ్ళ తడిక మీద చెంబెడు నీళ్ళు చిలకరించాడు. వేడిగాలి ఆ తడి వేళ్ళలో దూరి, చల్లగా, కమ్మటి వాసనతో అవతల తేలింది. చూస్తుండగానే అధికారి కళ్ళు తెరిచాడు. వెన్ను నిలబెట్టాడు. ముందున్న కాగితాలు నాలుగు గబగబా సంతకాలు చేసి పక్కకు నెట్టాడు. ప్రభుత్వ యంత్రాంగాన్నే కదిలించిన గాలి, ఒక చిన్న కారును కదిలించలేదా అని నాకు ఒళ్ళు ఝల్లుమంది. అప్పుడే ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. తెల్లవారుజామున మొదటి ట్రిప్పులో మా బండి కొంచెం హుషారుగా ఉంటుంది, మధ్యాహ్నం ట్రిప్పులోనే మరీ నీరసపడుతుంది. రోగం తెలిసిపోయింది. బండికి ఎండదెబ్బ!

సాయంత్రం ఉదయగిరి చేరగానే నేరుగా భాయ్ షెడ్డుకి పోయాను. ఉదయగిరిలో భాయ్‌లు చాలామంది ఉండేవాళ్ళు గానీ, 'కార్బురేటర్ భాయ్' ఒక్కడే. ఏ బండి ఏ జబ్బుతో వచ్చినా ముందు గాలీ పెట్రోలూ కలిపే ఆ కార్బురేటర్‌నే విప్పేవాడు. టైరు పంచరైనా సరే.

"భాయ్, ఇంజను గాలి ఏడనుంచి తీసుకుంటాది?"

"ముక్కులోనుంచి. నువ్వు చెవుల్లోనుంచి తీసుకుంటావా?"

"ఆ ముక్కు రేడియేటరు పక్కనే ఉండాది గదా. పొయ్యి పక్కన కూర్చోని ఊపిరి పీల్చినట్టు. దానికి చల్లగాలి ఇస్తే?"

భాయ్ చేతిలో స్పానరు కింద పెట్టాడు. (ఆయన స్పానరు కింద పెట్టడం నేను చూసింది అదే మొదటిసారి.) నన్ను పైనుంచి కిందికి చూసి, "అరే, ఇన్నాళ్ళూ నీ చుట్టూ తిరిగిన గాలి ఇయ్యాల బుర్రలోకి దూరింది రా" అన్నాడు.

బుధవారమంతా మేమిద్దరం అన్నం కూడా సరిగా తినలేదు. ఒక కిరసనాయిలు డబ్బాను కోసి, ముందూ వెనకా ఇనప జల్లెడ బిగించాం. రెండు జల్లెడల మధ్య మూలికల అంగడి నుంచి తెచ్చిన వట్టివేళ్ళు పొరలు పొరలుగా కూరాం. చాలకపోతే, మా అవ్వ తలనూనెలో వేసుకోవడానికి డబ్బాలో దాచుకున్నవి కూడా తెచ్చాను. ("బండికి కూడా జుట్టు రాలతా ఉండాదా?" అని అవ్వ.) డబ్బాను ముందు జాలీ వెనక, బయటి గాలి తగిలేచోట తీగలతో కట్టి, ఒక పాత ట్యూబు ముక్కతో దాన్ని ఇంజను ముక్కుకు తగిలించాం. అంతా కుదిరింది గానీ, వేళ్ళను తడిపేదెట్లా? ఆఫీసులో అయితే అటెండరు ఉంటాడు. పరిగెత్తే కారు ముందు చెంబు పట్టుకొని పరిగెత్తడానికి మాకు ఎవరు దొరుకుతారు? దీనికి ఉపాయం భాయ్ ఇచ్చాడు. ఆయన బామ్మర్ది ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. అతన్నడిగి, వాడి పారేసిన సెలైన్ సీసా ఒకటి గొట్టంతో, చుక్కలు తగ్గించి పెంచే చక్రంతో సహా పట్టుకొచ్చాడు. సీసాను కారు లోపల పైకప్పుకు ఉన్న పట్టీకి వేలాడదీసి, గొట్టాన్ని కిటికీలోనుంచి బయటికి, బానెట్ సందులోనుంచి లోపలికి పోనిచ్చి, డబ్బా నెత్తిన వదిలాం.

"నిమిషానికి ఇరవై చుక్కలు. మా బామ్మర్ది చెప్పినాడు. పెద్ద మనిషికి ఇంతే ఎక్కిస్తారంట" అన్నాడు భాయ్.

"బండి పెద్దదా, చిన్నదా?"

"వయసులో పెద్దదే."

గురువారం చదును రోడ్డు మీద పరీక్ష చేశాం. బండి నిజంగానే వేగంగా పోయిందని ఇద్దరం ఒప్పుకున్నాం. ఒప్పుకోవడానికి మేమిద్దరమే ఉన్నాం మరి. లోపలంతా వట్టివేళ్ళ వాసన గుప్పుమంది. భాయ్ దిగి వెనక్కి పోయి, పొగగొట్టం దగ్గర ముక్కు పెట్టి, "ఇక్కడ ఇంకా పెట్రోలు వాసనే వస్తా ఉండాది" అని కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

శుక్రవారం పొద్దెక్కాక కలిగిరి ఆసామి దిగాడు. భారీ మనిషి. తెల్లటి పంచె, తెల్లటి లాల్చీ, భుజాన జరీ కండువా. కొనే ముందు ఎక్కి చూస్తానని ఆయన కూర్చోగానే బండి ఒక పక్కకు ఒరిగింది. ఆ పక్కకే నా గుండె కూడా. వెనక సీట్లో ఆసామి, చిన్నాయన, వాళ్ళ మధ్య నలిగిపోతూ భాయ్. ముందు నేను, నా పక్కన సీసా కింద మా అవ్వ. ఆ రోజు అవ్వకు కళ్ళ డాక్టరు దగ్గర పనేమీ లేదు. "నా మీద ఒట్టేసినప్పుడు నేను రాకుండా ఎట్టా?" అని తనే ఎక్కి కూర్చుంది. బరువు చాలదన్నట్టు కాళ్ళ దగ్గర ఒక వేరుశెనక్కాయల మూట కూడా.

"ఏందబ్బయా ఇది?" అన్నాడు ఆసామి సీసా వైపు చూస్తూ.

"సెలైను" అన్నాను.

"ఎవురికి, అవ్వకా?"

"నాకెందుకయ్యా, నేను గుండ్రాయిలా ఉండాను" అంది అవ్వ. "బండికి."

 ఆసామి కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. చిన్నాయన కిటికీలోనుంచి బయటికి చూస్తూ, తనకు మాతో సంబంధం లేనట్టు కూర్చున్నాడు.

గుండ్ల మిట్ట వచ్చింది. ఎప్పుడూ ఆపే చోట నా కాలు అలవాటుగా బ్రేకు మీదికి పోబోయింది. బలవంతాన పక్కకు లాక్కున్నాను. ఎవరూ దిగలేదు. మూడో గేరులో కొంత దూరం లాగింది. రెండులో వేశాను, లాగింది. రోజూ జనం దిగి నడిచే బాట పక్కనే మేం కూర్చొని పోతుంటే నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. మేకలు తోలుకుపోతున్న ఒకాయన కర్ర భుజాన పెట్టుకొని నిలబడిపోయి, "అందురూ లోపలే ఉండారే!" అని తన మేకలకు చెప్పాడు. మొదటి గేరు. ఇంజను రొప్పుతోంది గానీ ఆగలేదు. ఎప్పుడూ ఆగిపోయే చోటు దాటాం! అద్దంలో చిన్నాయన మొహం చూశాను. ఆయన ముందుకు వంగి, నా సీటును రెండు చేతులతో నెడుతున్నాడు, దానివల్ల కారు ముందుకు పోతుందన్నట్టు. భాయ్ పెదాలు కదులుతున్నాయి. దువా చేస్తున్నాడో, చుక్కలు లెక్కపెడుతున్నాడో తెలియదు. మిట్ట నెత్తిన ఉన్న తెల్లరాయి కనిపిస్తోంది. ఇంకో పది బారలు. తొమ్మిది. నెల్లూరు పరుపు నా వీపు వెనక నుంచి జారి పడిపోతున్నట్టే ఉంది.

అప్పుడు మా అవ్వకు జాలి కలిగింది.

"పాపం, ఎట్టా రొప్పతా ఉండాదో. దప్పికైనట్టుండాది దీనికి" అంటూ చెయ్యెత్తి, ఆ చక్రాన్ని కడదాకా తిప్పేసింది. నేను "అవ్వా!" అనే లోపల సీసాలో నీళ్ళు గుడగుడమంటూ దిగిపోయాయి. ఇంజను ఒకసారి దగ్గింది. కుండలో తల ముంచి మాట్లాడినట్టు ఏదో అంది. ఇంకోసారి దగ్గి, ఊరుకుంది.

బ్రేకు తొక్కినా బండి వెనక్కి జారడం మొదలైంది. "రాయి! రాయి!" అని కేకేస్తూ భాయ్ ఆసామి ఒళ్ళోనుంచి దాటి దూకి, వెనక చక్రం కింద గుండు పెట్టాడు. (ఆ మిట్టకు ఆ పేరెందుకొచ్చిందో ఆ రోజు తెలిసింది.) బానెట్ ఎత్తి చూస్తే డబ్బా నిండా నీళ్ళు, గొట్టం నిండా నీళ్ళు, కార్బురేటర్‌లో వట్టివేళ్ళ కషాయం. భాయ్ అందులో వేలు ముంచి చూపించి, "ఏ వైద్యుడూ ఇంత చిక్కగా కాయడు" అన్నాడు. ఇక నెట్టడమే మిగిలింది. చిన్నాయన ఒక పక్క, భాయ్ ఒక పక్క, నేను బయట నిలబడి ఒక చేత్తో స్టీరింగు, ఒక భుజంతో తలుపు. అయినా కదలకపోయేసరికి పాపం ఆసామి కూడా కండువా నడుముకు చుట్టి వచ్చి వెనక చెయ్యి వేశాడు. అవ్వ దిగలేదు. "ఇంకొంచెం, ఇంకొంచెం" అని లోపలి నుంచి ధైర్యం చెప్పింది. అట్లా పైకి చేరాం. ఆసామి తెల్ల పంచె ముందు వైపు మా కారు రంగుకు తిరిగింది.

ఆయన రొప్పు తగ్గేదాకా ఆగి, చేతులు దులుపుకొని, "ఇది కారు కాదు సామీ, పేషెంటు. ఊరికే ఇచ్చినా నాకొద్దు. పాత ఇనప సామాన్లోడికి ఏసెయ్" అన్నాడు.

సరిగ్గా ఆ మాటే మా చిన్నాయన వారానికి రెండుసార్లు అనేవాడు. అదే మాట, అదే ఇనప సామాన్లు. కాబట్టి ఆయన తల ఊపుతాడనుకున్నాను. నా మనసు అప్పటికే నెల్లూరు అంగడిలో గజంబద్ద పట్టుకొని కూర్చుంది. కానీ చిన్నాయన మొహం ఎర్రబడింది. ముక్కుపుటాలు అదిరాయి.

"ఏందీ, ఇనప సామాన్లోడికా? ఇదో ఆసామీ, నా బండి నువ్వు లోపల కూర్చోనుండంగా ఆ తెల్లరాయి దగ్గిర దాకా వచ్చినాది. నువ్వొక్కడివే ముగ్గురి బరువు ఉండావు, ఆ మాట నేనేమన్నా అన్నానా? పేషెంటైతే మా ఇంటి పేషెంటు. మేం చూసుకుంటాం. నువ్వు కొనేది లేదు, నేను ఇచ్చేది లేదు."

"నేను కొనను అనే గదా చెప్తా ఉండాను!" అన్నాడు ఆసామి.

"నువ్వు కొననంటే నేను ఇయ్యనన్నట్టు కాదు. నేనే ఇయ్యనంటా ఉండా!" అన్నాడు చిన్నాయన.

"నా బిడ్డ బండినా అనేది" అని అవ్వ కిటికీలోనుంచి ఖాళీ సీసా ఆడించింది.

అంతలో బస్సొచ్చింది. ఆసామి చెయ్యెత్తి ఆపి, ఎక్కి, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా పోయాడు. ఆ బస్సు డ్రైవరు కూడా ఆ రోజు మమ్మల్ని చూసి ఏమీ అనలేదు. ఏమనాలో తోచి ఉండదు.

 భాయ్ కార్బురేటర్‌లో నుంచి కషాయం ఒంపుతున్నాడు. నేను నేల చూస్తూ, "చిన్నాయనా, ఒట్టు..." అన్నాను. బండి ఎక్కలేదు గదా.

చిన్నాయన తువాలుతో కారు వెనక ఆసామి చెయ్యి పడిన చోట తుడిచాడు. "ఎక్కితే అమ్మనని ఒట్టేసినా. ఎక్కకపోతే అమ్ముతానని ఏసినానా?" అన్నాడు. కొంచెం ఆగి, "ముందు ఆ డబ్బా పీకెయ్ రా, గాలోడా" అన్నాడు.

డబ్బా పీకేశాం. వాసన మాత్రం నెల రోజుల దాకా పోలేదు. "ఏం, కారులో పూజ చేస్తా ఉండారా?" అని అడుగుతూనే జనం ఎక్కారు, మిట్ట దగ్గర దిగారు, నడిచారు. నేను ఇంకో నాలుగేళ్ళు ఆ సీట్లో కూర్చున్నాను. తర్వాత ప్రభుత్వ జీపు దొరికి, దాన్ని రిటైరయ్యేదాకా తోలాను. మధ్యలో ఎక్కడో ఒక శిక్షణలో ఒక ఇంజనీరు చెబితే తెలిసింది, చల్లగాలికి ఇంజను బలం కొంచెం పెరగడం నిజమేనట. ఆ "కొంచెం" ఎంతో ఆయన బోర్డు మీద రాసి చూపించాడు. తొమ్మిది బారలకు కూడా చాలదు. మా బండికి ఇంజను లోపల పిస్టన్ రింగులు అరిగిపోయాయి, దానికి గాలి కాదు, జవసత్వాలు కావాలి. మరి ఆ రోజు అంత దూరం ఎట్లా వచ్చిందని లేచి అడగబోయి, కూర్చుండిపోయాను. అడిగితే ఆయన దానికీ ఏదో ఒక లెక్క చెప్పేసేవాడు.

ఇప్పుడు నేను మా ఇంటి వరండాలో ఒక చోట కూర్చుంటే గంటలు గంటలు కూర్చోగలను. కాలు ఊగదు, మంచం కిర్రుమనదు. మా నాయన ఉండి ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకుపోయేవాడు. అప్పుడప్పుడూ అనుకుంటాను, ఆ ఇరవై ఏళ్ళవాడు చేతిలో రేకు డబ్బా, చంకలో సెలైన్ సీసా పట్టుకొని ఈ వరండాలోకి వచ్చి, "ఏమండీ, ఇది పని చేస్తాదా?" అని అడిగితే ఏం చెప్పాలి? రింగుల సంగతి చెప్పాలి, పెద్దవాణ్ణి గదా. కానీ నన్ను నేనెరుగుదును. "కొంచెం పక్కకు జరుగు అబ్బయా, ఆ సీసా చక్రం నేను పట్టుకుంటా" అంటాను.